ఫోల్డ్ చేశాక మొదలయ్యే ఆట

"ఐదు గంటలు కూర్చున్నాను, ఒక్క ముక్క సరిగ్గా పడలేదు."

పోకర్ క్యాష్ గేమ్ టేబుల్ దగ్గర, అంటే అసలు డబ్బుతో ఆడేచోట, ఈ మాట వినపడని రోజు ఉండదు. మొన్న నా పక్క సీట్లో ఆడినాయన కూడా మిగిలిన చిప్స్ సర్దుకుంటూ ఇదే అన్నాడు. అందులో అబద్ధం లేదు. నిజంగానే ఆయనకు ముక్కలు పడలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. తనకు పంచిన రెండు ముక్కల అంచులు కొంచెం లేపి చూసేవాడు, ముందుకు తోసేసి ఫోల్డ్ చేసేవాడు (ఆ హ్యాండ్‌ని, అంటే ఆ విడత ఆటను, వదులుకునేవాడు), ఫోన్ అందుకునేవాడు. డీలర్ మళ్లీ పంచేదాకా తల ఎత్తేవాడు కాదు.

ఆయన ఫోన్‌లో ఉన్నప్పుడు టేబుల్ మీద ఒకటి జరిగింది. ఎదురు సీట్లో ఉన్న కుర్రాడు ఫ్లాప్ (బల్లమీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు), టర్న్ (నాలుగోది), రివర్ (ఐదోది) మూడింటిలోనూ బెట్ కొట్టి, కాల్ వచ్చేసరికి (అవతలివాడు అంతే డబ్బు పెట్టేసరికి) వట్టి జాకీ హై, అంటే జత కూడా లేని ముక్కలు, తిప్పి చూపించాడు. గంట తర్వాత అదే కుర్రాడు, ఈసారి ఈయన మీద, దాదాపు అవే సైజుల్లో మూడు బెట్లు కొట్టాడు. ఈయన చాలాసేపు ఆలోచించి, "వాడి దగ్గర సెట్ ఉంటుందిలే" అని టాప్ పెయిర్ (బల్లమీది పెద్ద ముక్కతో కలిసిన జత) పడేశాడు. సెట్ అంటే చేతిలోని జతకి బల్లమీద అలాంటిదే మూడో ముక్క తగలడం. ఉండొచ్చు కూడా. కుర్రాడు ముక్కలు చూపించలేదు, మనకు తెలియదు. కానీ ఆ నిర్ణయానికి కావాల్సిన ముఖ్యమైన సంగతి గంట ముందు ఆయన కళ్ల ముందే జరిగింది. అది ఆయన లెక్కలోకి రాలేదు.

నేను నమ్మేది ఇదీ. లైవ్ నో లిమిట్‌లో (ఎదురెదురుగా కూర్చుని, బెట్‌కి పరిమితి లేకుండా ఆడే ఆటలో) మన డబ్బు కదిలేది మనం ఆడిన హ్యాండ్లలోనే. కానీ వాటిలో ఏం చేయాలన్నది తేలేది మనం ఆడకుండా పడేసిన హ్యాండ్లలో. ముక్కలు రాలేదన్న ఫిర్యాదు ఈ రెండో భాగం లేనట్టే మాట్లాడుతుంది. సెషన్‌లో ఎక్కువ సమయం గడిచేదేమో ఆ రెండో భాగంలోనే.

ముక్కలు రాకపోవడమే మామూలు

తొమ్మిది మంది కూర్చున్న టేబుల్లో గంటకు 25 నుంచి 30 హ్యాండ్లు పడతాయి. చేతికి జత వచ్చేది 17 హ్యాండ్లకు ఒకసారి. ఆసుల జత 221 హ్యాండ్లకు ఒకసారి, అంటే దాదాపు ఎనిమిది గంటలకు ఒకసారి. జత పట్టుకుని వెళ్తే ఫ్లాప్‌లో సెట్ తగిలేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. ఈ రెండూ కలిపితే, వచ్చిన ప్రతి జతతోనూ ఫ్లాప్ చూసినా, సెట్ కోసం సగటున 145 హ్యాండ్లు ఆగాలి. అదే ఐదు గంటలు దాటిపోయింది.

కాబట్టి ఐదు గంటల్లో మంచి ముక్క రాకపోవడం దురదృష్టమేమీ కాదు, చాలా మామూలు సాయంత్రం. ఒకవేళ వచ్చినా ఏమవుతుంది? ఆసుల జత, ఏవో రెండు ముక్కలు పట్టుకున్న ఒక్కడి మీద నూటికి 85 సార్లు గెలుస్తుంది. అలాంటివాళ్లు ఐదుగురు వెంటపడితే గెలిచేది సగం సార్లకంటే కొంచెం తక్కువే. లైవ్ టేబుల్లో ఐదుగురు వెంటపడటం వింతేమీ కాదు.

ఆరు గంటలు కూర్చున్నవాడు 165 దాకా హ్యాండ్లు చూస్తాడు. జాగ్రత్తగా ఆడేవాడైతే ఐదింటిలో ఒకటి ఆడతాడు, అంటే 33. వాటిలో చాలావరకు ఫ్లాప్ దగ్గరే ముగిసిపోతాయి. స్టాక్ (మన ముందున్న చిప్స్) మొత్తం ప్రమాదంలో పడే నిర్ణయాలు ఏ రెండో మూడో. మిగతా 130కి పైగా హ్యాండ్లలో మన పని ముక్కలు పడేయడంతో అయిపోయిందని అనుకుంటే, కూర్చున్న ఆరు గంటల్లో దాదాపు ఐదు గంటలు ఊరికే పోయినట్టే. ఆన్‌లైన్‌లో నాలుగు టేబుళ్లు తెరుచుకుని ఈ ఖాళీని నింపుకోవచ్చు. ఇక్కడ ఉన్నది ఒక్కటే టేబుల్, ఎదురుగా ఎనిమిది మంది మనుషులు.

ముఖాలు కాదు, చిప్స్

చూడాలి అనగానే చాలామందికి కళ్లు, వణికే వేళ్లు, మెడ దగ్గర కొట్టుకునే నరం గుర్తొస్తాయి. వాటిలో అసలు విషయమే లేదని అనను. కానీ వాటి మీద పెట్టుకునే నమ్మకం చాలా ఎక్కువ. వేళ్లు బ్లఫ్ చేసేటప్పుడూ (ముక్కలు లేకుండా బెట్ కొట్టేటప్పుడూ) వణుకుతాయి, నట్స్ (అన్నిటినీ మించిన ముక్కలు) వచ్చినప్పుడూ వణుకుతాయి. మనిషి మనిషికీ మారే వాటిని ఒక సాయంత్రం పరిచయంతో చదవడం కష్టం. శరీరం నుంచి నాకు ఖచ్చితంగా పనికొచ్చేది ఒకటే ఉంది, అదీ ముఖంలో కాదు. నా ఎడమ పక్కన ఉన్నవాళ్లు తమ వంతు రాకముందే ముక్కలు చూసేసుకుని, పడేయడానికి సిద్ధంగా వేళ్ల మధ్య పట్టుకుని కూర్చుంటారు. ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే చోటు బటన్, దానికి ముందుది కటాఫ్. నేను కటాఫ్‌లో ఉన్నప్పుడు బటన్ మీద ఉన్నాయన ముక్కలు అలా గాల్లో కనిపిస్తే, బటన్ నా చేతికొచ్చినట్టే. ఇంత విలువైన సమాచారం ఉచితంగా దొరుకుతుంటే, చాలామంది తమ ముక్కలే తాము చూసుకుంటూ ఉంటారు.

అసలు చూడాల్సింది బెట్ సైజులు, ఎవరు ఎక్కడి నుంచి లింప్ అవుతున్నారు (పెంచకుండా కనీస పందెంతో ఆటలోకి వస్తున్నారు), షోడౌన్‌లో (చివర ముక్కలు తెరిచి చూపేచోట) ఏం తిప్పారు అన్నవి. షోడౌన్ అయితే వెనక్కి చదవాలి. ఒక హ్యాండ్ చెప్తాను.

మూడో సీట్లో ఒక పెద్దాయన. ఎర్లీ పొజిషన్‌లో (ముందుగా ఆడాల్సిన చోట) లింప్ అయ్యాడు. వెనక ఒకాయన ఐదు బిగ్ బ్లైండ్లకు రైజ్ చేస్తే (పందెం పెంచితే) పెద్దాయన ఒక్కడే కాల్ చేశాడు. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒకరు పెట్టాల్సిన పందెం, ఇక్కడి అంకెలన్నీ దాని లెక్కలోనే. ఫ్లాప్ రాజు, తొమ్మిది, నాలుగు. అందులో తొమ్మిది, నాలుగు ఆఠీన్లు. పెద్దాయన చెక్ చేసి (బెట్ పెట్టకుండా వంతు దాటించి), ఏడు బిగ్ బ్లైండ్ల బెట్‌కి కాల్. టర్న్ కళావర్ రెండు. చెక్, పదహారుకి కాల్. రివర్‌లో ఆఠీన్ ఆరు పడింది, ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) కుదిరే బోర్డు అయింది. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) అప్పటికి 57 పైన ఉన్నాయి. అప్పటిదాకా చెక్ చేస్తూ వచ్చిన పెద్దాయన, ఈసారి తనే ముందుగా పదిహేను పెట్టాడు.

రైజ్ చేసినాయన కొంచెం మూలిగి కాల్ చేశాడు. పెద్దాయన రాజు, పది తిప్పాడు. అవతలాయన రాజు, రాణి తిప్పి పాట్ లాక్కున్నాడు. టేబుల్లో మాటలన్నీ ఆ కాల్ గురించే నడిచాయి: "ఫ్లష్ ఉంటుందని భయం వేయలేదా?" అని. నాకు మాత్రం ఓడిన ముక్కలే ముఖ్యమైనవి. ఆఠీన్ పడగానే తాను చెక్ చేస్తే అవతలివాడు పెద్ద బెట్ కొడతాడని పెద్దాయనకు భయం. అందుకని తనే చిన్న బెట్ ముందు పెట్టి, షోడౌన్‌ని చవగ్గా కొనుక్కున్నాడు. పెద్ద పాట్‌లోకి ఆయన పెట్టే చిన్న బెట్ అంటే ఫ్లష్ కాదు, ఒక జత. పైగా టర్న్‌లో పదహారు పెట్టడానికి ఆయన క్షణం కూడా తటపటాయించలేదు. టాప్ పెయిర్ తగిలితే వదిలే మనిషి కాదు. ఆ తర్వాత ఇంకో రెండు షోడౌన్లలోనూ అదే కనిపించింది.

కొన్ని గంటలకు నేను బటన్ మీద ఉన్నాను. చేతిలో ఆసు, రాణి. పెద్దాయన ముందు నుంచి లింప్, నేను ఐదు, ఆయన కాల్. ఫ్లాప్ రాణి, ఎనిమిది, మూడు, అందులో రెండు ఇస్పేట్లు. చెక్, ఏడు, కాల్. టర్న్ డైమండ్ ఐదు. చెక్, పదహారు, కాల్. రివర్ ఇస్పేట్ రెండు. పెద్దాయన పద్నాలుగు బిగ్ బ్లైండ్ల చిప్స్ లెక్కపెట్టి ముందుకు తోశాడు.

ఆయన గురించి ఏమీ తెలియకపోతే అక్కడ నేను కాల్ చేసి ఊరుకుంటాను. మూడో ఇస్పేట్ పడ్డాక ఒక్క జతతో రైజ్ చేయడం మామూలుగా తెలివైన పని కాదు. ఆ రోజు నలభై రెండుకు రైజ్ చేశాను. ఆయన తల పక్కకు వంచి బోర్డు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు, తర్వాత కాల్ చేసి రాణి, జాకీ తిప్పాడు. ఉత్త కాల్ కంటే ఈ రైజ్ వల్ల నాకు అదనంగా వచ్చింది 28 బిగ్ బ్లైండ్లు. లైవ్‌లో గంటకు ఐదు బిగ్ బ్లైండ్లు మిగుల్చుకునేవాణ్ని మంచి ఆటగాడంటారు. అంటే ఐదున్నర గంటల సంపాదన, నేను ఆడని ఒక హ్యాండ్ నుంచి వచ్చింది.

ఒక్క షోడౌన్‌తో ఏం తెలుస్తుంది?

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఉంది. ఒక్కసారి చూసినదాన్ని పట్టుకుని మనిషికి ముద్ర వేసేయడమేనా? ఆ రోజు పెద్దాయన దగ్గర నిజంగా ఫ్లష్ ఉండి ఉంటే ఆల్ ఇన్ (ముందున్నదంతా పెట్టేస్తున్నా) అనేవాడు, నేను ఆ అదనపు 28 పోగొట్టుకుని ముక్కలు పడేసేవాణ్ని. అప్పుడీ కథ ఇంత చక్కగా ఉండేది కాదు. ఆన్‌లైన్‌లో వేల హ్యాండ్ల రికార్డు ముందుంచుకుని కూడా తొందరపడొద్దంటారు. మనం మూడు షోడౌన్లతో తీర్మానించేస్తున్నాం.

ఈ అభ్యంతరం నాకు చాలాకాలం ఇబ్బందిగానే ఉండేది. ఇప్పుడు నా ఆలోచన కొంచెం మారింది. చూసిన ప్రతిదానికీ ఒకే బరువు ఉండదు. ఒకడు ఎర్లీ పొజిషన్‌లో ఏడు, నాలుగు ఆఫ్‌సూట్‌తో (వేర్వేరు గుర్తుల ముక్కలతో) లింప్ అయి కనిపించాడంటే, ఆ ఒక్కసారితోనే అతని గురించి చాలా తెలిసినట్టు. జాగ్రత్తగా ఆడేవాడు పొరపాటున కూడా ఆ పని చేయడు. ఎవరైనా మూడు బెట్ల బ్లఫ్ తిప్పి చూపించాడంటే, అది అతను చేయగలిగిన పనే అని రుజువైపోయింది. అదే ఒకాయన పదిసార్లు బెట్ కొట్టి పదిసార్లూ మంచి ముక్కలే చూపించాడనుకోండి, ఆయన బ్లఫ్ చేయడని రుజువైనట్టు కాదు. మంచి ముక్కలే పడి ఉండొచ్చు. కాల్ వచ్చినవే మనకు కనిపించాయి, అందరూ పడేసిన పాట్లలో ఆయన ఏం పట్టుకున్నాడో మనం చూడలేదు. చేశాడని చూడటానికీ, చేయగా చూడలేదనడానికీ ఉన్న ఈ తేడా మర్చిపోయి, "ఆయన రాయిలాంటి మనిషి, బ్లఫ్ తెలియదు" అని తేల్చేసేవాళ్లు టేబుల్‌కి ఇద్దరైనా ఉంటారు.

ఇంకో మాట. చిన్న ఆధారంతో పెద్ద పని చేయకూడదు, అది నిజం. కానీ కాల్ చేయాలా ఫోల్డ్ చేయాలా అన్నది సరిగ్గా సరిహద్దు మీద ఉన్నప్పుడు చిన్న ఆధారం చాలు. సగం పాట్ బెట్‌కి కాల్ చేయాలంటే నాలుగింటిలో ఒకసారి గెలిస్తే సరిపోతుంది. అవతలివాడు బ్లఫ్ చేసేది ఐదింటిలో ఒకసారా, మూడింటిలో ఒకసారా అన్నదాన్ని బట్టి ఆ కాల్ నష్టం నుంచి లాభంలోకి వచ్చేస్తుంది. జాకీ హైతో దొరికిపోయిన కుర్రాణ్ని చూసినవాడికి ఆ అంకె ఎటు జరపాలో తెలుస్తుంది. చూడనివాడు అందరికీ పెట్టే అంకే ఇతనికీ పెడతాడు.

టేబుల్ మనల్ని కూడా చూస్తుంది. ఇది మర్చిపోతారు. గంటల తరబడి ఫోల్డ్ చేస్తూ కూర్చున్నవాడు చివరికి రైజ్ అంటే అందరి తలలూ ఒకేసారి లేస్తాయి. ఎనిమిది గంటలకు ఒకసారి వచ్చే ఆసుల జతకి బ్లైండ్లు మాత్రమే దక్కుతాయి. ఆయన ఆ ముక్కల్ని అందరికీ తిప్పి చూపించి, "ముక్క వచ్చినా ఎవడూ రాడు" అని వాపోతాడు. అలా చూపించినందువల్ల, ఆయన రైజ్ చేస్తే పారిపోవాలని ఇంకా తెలియనివాళ్లకు కూడా తెలిసిపోతుంది.

యంత్రం ఎవరినీ చూడలేదు కదా

చదువుకుని ఆడే కుర్రాళ్లతో ఈ వాదన పెట్టుకుంటే వాళ్ల దగ్గర గట్టి జవాబే ఉంటుంది. 2017లో లిబ్రాటస్ అనే ప్రోగ్రాం హెడ్స్ అప్ (ఇద్దరే ఆడే) నో లిమిట్‌లో నలుగురు ప్రొఫెషనల్స్ మీద 1,20,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి టేబుల్లో గెలిచింది. ఐదుగురు ప్రొఫెషనల్స్‌తో 10,000 హ్యాండ్లు ఆడినప్పుడు కూడా అది ఎదుటివాళ్ల అలవాట్లను బట్టి తన ఆట మార్చుకోలేదు. ఎవరు బ్లఫ్ చేస్తారు, ఎవరు భయపడతారు అని చూడలేదు. అయినా గెలిచింది. మరి సాల్వర్ (ఎక్కడ ఏం ఆడాలో లెక్కకట్టే ప్రోగ్రాం) ముందు కూర్చుని సరైన ఆట నేర్చుకున్నవాడికి పక్కవాడు ఏం తిప్పితే ఏం?

దీన్ని కొట్టిపారేయలేను. సాల్వర్‌తో పని చేసినవాడికీ చేయనివాడికీ మధ్య తేడా టేబుల్ మీద కనిపిస్తుంది. మామూలుగా ఏం చేయాలో తెలియనివాడు ఎప్పుడు దాని నుంచి తప్పుకోవాలో ఎలా తెలుసుకుంటాడు? పెద్దాయన మీద నా రైజ్‌కి అర్థం ఉందంటే, అక్కడ మామూలుగా చేయాల్సింది కాల్ అని ముందే తెలియబట్టే.

కానీ ఆ యంత్రం ఆడిన ఆట, మనం ఆడే ఆట ఒకటి కావు. ప్లూరిబస్ ఆడినప్పుడు ప్రతి హ్యాండ్‌కీ అందరి స్టాకులూ మళ్లీ 100 బిగ్ బ్లైండ్లకు వచ్చేవి. మన టేబుల్లో ఒకాయన ముందు నలభై, ఇంకొకాయన ముందు మూడు వందలు ఉంటాయి. ఐదుగురు లింప్ అవుతారు, ఒకరు స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే పెట్టే అదనపు పందెం) పెడతారు. ఇద్దరికి మించి ఆడే ఆటలో, సమతూకంగా ఆడితే చాలు నష్టపోవు అనే హామీ సిద్ధాంతంలోనే లేదు. అన్నిటికంటే ముఖ్యం రేక్, అంటే ఆట నడిపేవాళ్లు తీసుకునే వాటా. ప్రతి పాట్ నుంచీ కొంత వెళ్లిపోతూ ఉంటే, ఎవరి చేతిలోనూ మోసపోకుండా ఆడటం సరిపోదు. ఎదుటివాడి తప్పులోంచి ఆ రేక్‌కి మించి రావాలి. ఆ తప్పు ఏమిటో తెలియాలంటే అతను ఆడుతున్నప్పుడు చూడాల్సిందే.

లిబ్రాటస్ గురించి ఇంకో సంగతి ఈ వాదనలో ఎవరూ ఎత్తరు. పగలంతా ప్రొఫెషనల్స్ ఎలాంటి బెట్ సైజులతో తన లోపాలు వెతుకుతున్నారో అది గుర్తుపెట్టుకునేది, రాత్రికి ఆ చోట్ల తన ఆటను సరిచేసుకునేది. అవతలివాళ్ల బలహీనతల కోసం కాదు, తన బలహీనతల కోసమే. అయినా వాళ్లు ఏం చేస్తున్నారో చూసి నేర్చుకుంది కదా.

చూపు ఫలించిందని ఎలా తెలుస్తుంది?

నన్ను నిజంగా వేధించే సందేహం ఇది. మంచి ఆటగాడు గంటకు ఐదు బిగ్ బ్లైండ్లు గెలుస్తాడనుకుందాం. వంద హ్యాండ్లకు ఎనభై బిగ్ బ్లైండ్ల స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి ఎంత ఊగుతుందో చెప్పే కొలత) వేసుకుందాం. ఆరు గంటల సెషన్‌లో అతను సగటున గెలిచేది 30. ఊగిసలాట మాత్రం అటూ ఇటూ 105 దాకా. లెక్క కడితే అతను పది సెషన్లలో దాదాపు నాలుగు ఓడిపోతాడు. వంద గంటలు ఆడాక కూడా ఇలాంటి మంచి ఆటగాళ్లు ఎనిమిది మందిలో ఒకరు నష్టంలోనే ఉంటారు. వెయ్యి గంటలు దాటితే గానీ అంకెలు గట్టిగా మాట్లాడవు. వారానికి పది గంటలు ఆడేవాడికి అది రెండేళ్లు.

కాబట్టి ఇవాళ శ్రద్ధగా చూశాను, గెలిచాను అనడం రుజువు కాదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాయన నాకంటే ఎక్కువ గెలుచుకుని వెళ్లిన రోజులున్నాయి, ఇకముందూ ఉంటాయి. అందుకే నేను సెషన్ అయ్యాక అంకె ఒక్కటే రాసుకోను. ఆ రోజు చూసిన షోడౌన్లలో గుర్తున్నవి రాస్తాను: ఎవరు, ఎక్కడి నుంచి, ఎంత పెట్టి, ఏం తిప్పారు. తర్వాత అదే మనిషితో ఆడినప్పుడు ఆ రాత సరిపోయిందో లేదో చూస్తాను. డబ్బు లెక్క తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈ లెక్క మాత్రం వారాల్లోనే తేలుతుంది. కొన్నిసార్లు సరిపోదు. చిన్న బెట్ అంటే జత అని రాసుకున్న మనిషి చిన్న బెట్‌తోనే ఫుల్ హౌస్ (ఒకే రకం మూడు, ఇంకో జత) తిప్పుతాడు. అప్పుడు ఆ పేజీ మళ్లీ రాయాలి.

చూడటానికీ కాచుకోవడానికీ మధ్య

మూడోసారి రీబై చేసినవాడి (పోగొట్టుకుని మళ్లీ చిప్స్ కొన్నవాడి) ముందు చిప్స్ ఎలా ఉంటాయో గమనించండి. అప్పటిదాకా ఇరవై ఇరవై చొప్పున దొంతర్లు పేర్చుకున్న మనిషి, ఇక పేర్చడం మానేస్తాడు. కుప్పగా ఉన్నవాటిలోంచి గుప్పిట్లో తీసి వేస్తుంటాడు. ముక్కలు పూర్తిగా చూడకుండానే కాల్ అంటాడు. టేబుల్ మొత్తానికి ఆ సంగతి ఒకేసారి అర్థమవుతుంది. అంతసేపూ ముభావంగా ఉన్నవాళ్లు హఠాత్తుగా స్నేహంగా మాట్లాడటం మొదలుపెడతారు. ఒక దారుణమైన కాల్ చేసి అదృష్టం కొద్దీ గెలిస్తే, "భలే ఆడారండీ, అలా ఉండాలి" అని ఒకరు అంటారు.

ఆ మాట నాకు నచ్చదు. అతను కాల్ చేస్తాడని తెలిసి నా వాల్యూ బెట్ (మంచి ముక్కలతో, కాల్ రావాలని పెట్టే బెట్) పెద్దది చేస్తాను, దాన్ని తప్పనుకోను. అతను బెట్లతో చెప్పేది వినడం ఆటే. కానీ పొగడ్తతో అతన్ని కుర్చీలో ఉంచడం ఆట కాదు. ఇంకో రీబైకి చేతిలో లేక పక్కవాళ్లను అప్పు అడుగుతుంటే, ఇవ్వను, ఇవ్వమని ఎవరికీ చెప్పను. "ఇవాళ్టికి చాలండీ, టేబుల్ ఎక్కడికీ పోదు" అని అనేస్తాను. దీనికి ఒకసారి టేబుల్లో ఉన్న మరొకాయన నా మీద విసుక్కున్నాడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఆయన లెక్కలో నేను అందరి లాభానికీ అడ్డం పడ్డాను.

ఇంతకుమించి నాకు స్పష్టత లేదు. పోతున్న డబ్బు అతనికి సరదా డబ్బో, ఇంటి ఖర్చు డబ్బో చిప్స్ చూసి చెప్పలేం. ఎంత బాగా గమనించేవాడికైనా అక్కడ చూపు ఆగిపోతుంది.

ఎప్పుడు లేవాలి

ఆరు గంటలు కన్నార్పకుండా చూడటం ఎవరివల్లా కాదు. ఇది నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో నేను ఎక్కువ గౌరవించేది. చెవిలో పాటలు పెట్టుకునే ఒక మిత్రుడు, పెద్ద నిర్ణయం వచ్చేసరికి బుర్ర తాజాగా ఉండాలని కావాలనే అలా చేస్తానంటాడు. అన్నీ చూస్తూ అలసిపోయి, అసలు హ్యాండ్‌లో తప్పు చేస్తే ఏం లాభం అంటాడు. అందుకే నేను అన్నీ చూడను. నా ఎడమ పక్క ఇద్దరు, టేబుల్లో నన్ను మించిన స్టాక్ ఉన్నవాళ్లు, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు. ఇక షోడౌన్‌కి వెళ్లిన ప్రతి పాట్. మిగతావి వదిలేస్తాను.

లేవడానికి నాకున్న గుర్తు కూడా ఇక్కడే దొరికింది. ఎంత గెలిచాం, ఎంత పోయింది అన్నదాన్ని బట్టి లేవడం చాలామంది పెట్టుకున్న నియమం. దానికో ఉపయోగం ఉంది, టిల్ట్‌లో ఉన్నవాణ్ని (కోపంతోనో ఓటమితోనో అదుపు తప్పి ఆడుతున్నవాణ్ని) అది బలవంతంగా లేపుతుంది. కానీ టేబుల్ బాగుండి, తల తేటగా ఉన్నప్పుడు కూడా అదే లేపేస్తుంది. నేను చూసుకునేది వేరు. ఆఖరి షోడౌన్‌లో ఎవరు ఏ ముక్కలు తిప్పారో నన్ను నేను అడుగుతాను. జవాబు రాకపోతే ఓసారి లేచి నడిచి వస్తాను. తిరిగొచ్చాక కూడా రాకపోతే చిప్స్ సర్దుకుంటాను.

దీనికి కష్టమైన పరీక్ష వచ్చేది టేబుల్ అద్భుతంగా ఉన్నప్పుడే. మూడు వందల బిగ్ బ్లైండ్లు ముందుంచుకుని ప్రతి హ్యాండూ ఆడేవాడు కుర్చీలో ఉంటాడు, నాకేమో కళ్లు మూతలు పడుతుంటాయి. అలాంటప్పుడు లేస్తానంటే ఆ పాటల మిత్రుడు ఒప్పుకోడు. "సగం నిద్రలో ఆడినా అతని మీద నువ్వే గెలుస్తావు" అంటాడు. నిజమే కావచ్చు, అతనొక్కడితోనే ఆడుతుంటే. కానీ ఈ టేబుల్లో చోటు కోసం వెయిటింగ్ లిస్ట్‌లో ఉండి, గంట క్రితమే కూర్చున్న ఇద్దరు ఉన్నారు. వాళ్లు ఫోన్ ముట్టుకోవడం లేదు. వాళ్ల ముందు కూడా లోతైన స్టాకులున్నాయి, ప్రతి షోడౌన్‌కీ ముందుకు వంగి చూస్తున్నారు. నేను గత గంటలో ఏం తిప్పానో వాళ్లకు తెలుసు. వాళ్లు ఏం తిప్పారో నాకు గుర్తు లేదు.